ముడుపు బరువు

ఒక మనిషి నోటి మాటతో ఇంకొక మనిషి బతుకు దారి మారిపోతుందా, లేక మారేది ఎలాగూ మారే తీరుతుందా? వెంకట్రాజాన్ని ఈ అనుమానం పదేండ్లుగా వదలలేదు. భద్రకాళి గుడిలో ప్రదక్షిణం చేస్తుంటే మూడో చుట్టుకో నాలుగో చుట్టుకో అది వచ్చి పక్కన నడిచేది. పురాణం చెప్పే అయ్యగారిని ఒకసారి అడిగి చూశాడు. ఆయన కర్మ అని కొంత, ప్రయత్నం అని కొంత చెప్పి, చివరికి ప్రసాదం చేతిలో పెట్టాడు. ప్రసాదం తీపిగానే ఉంది. అనుమానం మాత్రం తీరలేదు.

పోయిన వారం మనం వదిలిపెట్టిన చోట కూడా ఆ అనుమానమే అడ్డం పడి ఉంది. మేడారం జాతరకు ఇంకా నాలుగు రోజులుంది. బీటుబజారులోని అతని బెల్లం దుకాణంలో మధ్యాహ్నం రద్దీ కాస్త సద్దుమణిగింది. భార్య కళావతి హసన్‌పర్తి చుట్టాలతో కలిసి ముందే జాతరకు బయలుదేరింది. ఆ వేళ చూసుకుని అన్న కూతురు వరలక్ష్మి టీచర్ ట్రైనింగ్ దరఖాస్తు తెచ్చి గల్లాపెట్టె మీద పరిచింది. తండ్రి లేని పిల్ల. ఏడేండ్ల వయసు నుంచీ పెంచింది వెంకట్రాజమే. అన్ని గళ్లూ ఆమె గుండ్రని అక్షరాలతో నిండి ఉన్నాయి. పెద్దవాళ్ల సంతకం గడి ఒకటే ఖాళీ. ఐదు గంటలకు పోస్టు డబ్బా తీస్తారు, ఆ లోపల కవరు అందులో పడాలి.

"నీ ఇష్టం బిడ్డా" అన్నాడు వెంకట్రాజం, ఎప్పటిలాగే.

ఆ పిల్ల ఎప్పటిలా తల ఊపి పోలేదు. "నా ఇష్టం నాకు ఎరుకే చిన్నాయినా. నేను నీ మాట అడుగుతాన. పొమ్మంటవా, వద్దంటవా? రెండిట్ల ఒకటి నోటితోటి చెప్పు" అని కలం తీసి అతని చేతి పక్కన పెట్టింది.

సరిగ్గా అప్పుడే మెట్ల మీదినుంచి ఒక ఆడమనిషి గొంతు వినబడింది. "సేటూ, గుర్తువట్టిన్రా?"

గుర్తుపట్టాడు. ముఖం చూసి కాదు; ముఖం చాలా మారిపోయింది. మెట్లెక్కుతూనే ఆమె చూపు మనుషుల మీద నిలవకుండా నేరుగా తరాజు మీదికి పోయింది. ఆ దుకాణంలోకి అట్లా చూస్తూ వచ్చిన మనిషి ఒక్కతే. పదేండ్ల కింద, పన్నెండేండ్ల పిల్లగా వచ్చింది.

డెబ్బై ఆరు జాతర ముందటి మాట అది. వర్ధన్నపేట అవతలి పల్లె నుంచి ఉప్పలయ్య అనే కూలి మనిషి, భార్య యాకమ్మను, కూతురు మొగిలమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల ఏడో తరగతి. జ్వరం తలకెక్కి నెల రోజులు మంచంలో ఉండి లేచింది. బతికితే నిలువెత్తు బంగారం ఇస్తామని సమ్మక్కకు మొక్కుకున్నారు. ఆ తల్లికి బెల్లమే బంగారం. మొక్కు ఉన్న మనిషిని తరాజు ఒక పళ్లెంలో కూర్చోబెట్టి, రెండో పళ్లెంలో బెల్లం ముద్దలు పేర్చి, సరితూచి ఇవ్వడం వెంకట్రాజం తండ్రి నాటి నుంచీ ఆ దుకాణానికి ఉన్న పేరు.

ఆ తరాజుకు అప్పట్లో ఒక ముడుపు వేలాడేది. దుకాణం తెరిచిన రోజు తండ్రి పసుపు బట్టలో ఒక రూపాయి, ఒక పసుపుకొమ్ము, ఒక వక్క మూటకట్టి, సరుకు దగ్గర దేవుడు ఉండాలని సరుకు పెట్టే పళ్లెం కొక్కేనికి ముడివేశాడు. ఆ తర్వాత ప్రతి దీపావళికీ మరో రూపాయి, మరో కొమ్ము, మరో వక్క. వాటి మీద కొత్త బట్ట. ముప్పై దీపావళులు గడిచేసరికి అది పీచు తియ్యని కొబ్బరికాయంత అయింది. ఇంటిల్లిపాదీ రోజూ దానికి అగరుబత్తి చూపించి దండం పెట్టుకునేవాళ్లు. తరాజు ఖాళీగా ఉన్నప్పుడు ఆ పళ్లెం కిందికి దిగి నేలకు ఆని ఉండేది. దేవుడున్న వైపు వంగి ఉందని మురిసిపోయేవాళ్లే గాని, దేవుడి మూట కూడా తూకంలో పడుతుందని ఎవరికీ తోచలేదు. తోచలేదా, తోచనివ్వలేదా అన్నది వెంకట్రాజం తర్వాత తనను తానే అడుక్కున్న ప్రశ్న.

ఆ రోజు మొగిలమ్మ పళ్లెంలో కూర్చుంది, ముద్దలు పేర్చారు, ముల్లు నిలబడింది. పిల్ల దిగి పరికిణీ దులుపుకుంటూ తరాజును పైనుంచి కిందిదాకా చూసింది. చుట్టూ పది పదిహేను మంది బేరగాళ్లున్నారు. బడిలో పంతులును అడిగినట్టు, ఏ కల్మషం లేకుండా అడిగింది: "సేటూ, అమ్మవారి ముడుపు బరువు ఎవలు మోస్తాండ్లు?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వే వెంకట్రాజాన్ని పట్టి ఊపింది. "దేవుని మీదికే నోరు లేస్తాందా? ఏం సదువు చెప్పిస్తానవయ్యా ఉప్పలయ్యా. ముందుగాల ఈ పిల్లను బడి మాన్పియ్యి" అన్నాడు. ఒక్క ఊపిరిలో సగం పట్టే మాట. ఉప్పలయ్య భయపడి చేతులు జోడించి, బెల్లం మూట నెత్తికెత్తుకుని పోయాడు.

జాతర అయ్యాక వర్ధన్నపేట రైతు ఒకాయన మాటల మధ్యలో, ఆ పిల్ల మిరపచేలలో కూలికి పోతున్నదని చెప్పాడు. ఆ పూట వెంకట్రాజానికి అన్నం సయించలేదు. ఆనాటి నుంచి అతను చిన్నవాళ్లకు ఒక మాట చెప్పడం మానుకున్నాడు. ఎవరేమడిగినా "నీ ఇష్టం" అనేవాడు. చుట్టాలందరూ పిల్లల మీద పెత్తనం చెయ్యని మంచి మనిషి అని మెచ్చుకున్నారు. వరలక్ష్మి పదో తరగతి పాసై ఏ గ్రూపు తీసుకోవాలని అడిగినప్పుడూ అదే మాట. చెప్పేవాళ్లు లేక ఆ పిల్ల స్నేహితురాలు తీసుకున్న గ్రూపే తీసుకుని, రెండేండ్లు లెక్కలతో కుస్తీ పట్టింది.

ఇప్పుడు ఆ మొగిలమ్మ మెట్లెక్కి వచ్చి, కూర్చోమనకముందే ఖాళీ బెల్లం బుట్టను బోర్లించుకుని దాని మీద కూర్చుంది. ముతక చీర, చేతిలో సంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న పలకల కట్ట. వరలక్ష్మి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆమె తాగి, గ్లాసు కింద పెట్టి, తరాజు కొక్కెం వైపు చూపించింది.

"ముడుపేది సేటూ?"

వెంకట్రాజం నోరు తెరిచేలోపు, ఇంట్లో అందరూ చెప్పుకునే మాటే వరలక్ష్మి చెప్పింది. "దారం తెగి కిందవడ్డదక్కా. నాకప్పుడు ఏడేండ్లు. గా జాతర అయిపోయిన మర్నాడే. మూడు నెల్లకు మా నాయిన కామెర్లతోటి పోయిండు."

దుకాణం వెనక ఇల్లు. మధ్యలో ఒక గడప, గడపకు ఒక పరదా. పరదా వెనక అప్పటిదాకా బియ్యం చెరుగుతున్న చాట చప్పుడు ఆగింది. చెరుగుతున్నది వరలక్ష్మి తల్లి సరస్వతి. ఆ మర్నాటి పొద్దున తరాజు తుడిచింది ఆమే. తన గుడ్డ తగిలే దారం తెగిందని, తన చెయ్యి తగిలే ఇంటి దీపం ఆరిందని ఆమె నమ్మకం. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు, ఆమే అనుకుంది. ఆనాటి నుంచి ఆమె ఆ గడప దాటి దుకాణంలోకి రాలేదు. ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడల్లా వెంకట్రాజం ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి బయటికి పోయేవాడు.

ఇవాళ పోవడానికి దారిలేదు. మొగిలమ్మ ఎదురుగా ఉంది.

పదేండ్లుగా గొంతులో ఉన్నది అడిగేశాడు. "మీ నాయిన నిన్ను బడి మాన్పిచ్చిండా?"

"మాన్పిచ్చిండు. జాతర నుంచి వచ్చిన తెల్లారే."

అంతే. ఆమె ఆ మాటను బరువు తగ్గించి చెప్పలేదు, పెంచి కూడా చెప్పలేదు. వెంకట్రాజం గల్లాపెట్టె అంచు పట్టుకున్నాడు.

"మీ అసుంటి పెద్దమనిషి చెప్పినంక మా నాయిన ఎందుకు ఆగుతడు? ఏడ్సిన, మొత్తుకున్న, ఇనలె. గప్పుడు మా అవ్వ ఒక్క మాటన్నది. 'సేటు బడి మాన్పియ్యుమన్నడు గని, సదువు మాన్పియ్యుమన్లె గదా' అన్నది."

ఆ తర్వాతిది ఆమె నింపాదిగా చెప్పుకొచ్చింది. యాకమ్మకు ఒక్క అక్షరం రాదు. అయినా ఆనాటి నుంచి ఉప్పు చుట్టిన కాగితం, చింతపండు చుట్టిన కాగితం, బెల్లం చుట్టిన కాగితం ఏదీ పొయ్యిలో పెట్టనివ్వలేదు. చేలోంచి వచ్చి పొయ్యి రాజేసి, "సదువు" అని కూతురి ముందర పెట్టేది. బెల్లం కాగితాలకు చీమలు పట్టేవి. చీమలు దులిపి చదవాలి, అంటుకుపోయిన మడతలు తడిపి విప్పాలి. సగం వార్త ఒక కాగితంలో ఉంటే, మిగతా సగం ఏ ఇంటి పొట్లంలో పోయిందో తెలియదు. తల్లి మాత్రం వంకాయలు తరుగుతూ వినేది, తర్వాతేమైందని అడిగేది. తెలియదంటే, "అయితే నువ్వే ఆలోచించి చెప్పు" అనేది. వాటిలో చాలావరకు ఈ దుకాణం పొట్లాలేనట.

"బడి మూసిందీ మీరే, పుస్తకాలు పంపిందీ మీరే" అని నవ్వింది మొగిలమ్మ. "మీకు దండం పెట్టాల్నా, తిట్టాల్నా ఎరుకైతలేదు సేటు. తొవ్వల రెండూ తయారు చేసుకుంటనే వచ్చిన."

వరలక్ష్మి పకపకా నవ్వింది. వెంకట్రాజానికి నవ్వు రాలేదు, కళ్లు చెమ్మగిల్లాయి.

మిరప తెంపే ఆడవాళ్లకు తూకం మీద కూలి ఇస్తారు. చేను గట్టు మీద కాంట కట్టగానే ఈ పిల్ల పోయి ముందు ఖాళీ కాంటను చూసేదట. తూచేవాళ్లు విసుక్కునేవాళ్లు, తోటి పిల్లలు 'తరాజు మొగిలి' అని వెక్కిరించేవాళ్లు. మెల్లగా ఆడకూలీలు ఆమెను ముందు పెట్టుకుని గాని తూకానికి పోవడం మానేశారు. ఊళ్లోకి వయోజన విద్యా కేంద్రం వచ్చినప్పుడు పంతులు ఈ సంగతి విని, ఆమెతో పదో తరగతి ప్రైవేటుగా కట్టించాడు. రెండోసారికి పాసైంది. ఇప్పుడా కేంద్రాన్ని నడిపేది ఆమే. పొద్దు వాలేవేళ ఆడవాళ్లు వచ్చి కూర్చుంటారు. మొదటి పాఠం 'అ ఆ'లు కాదు. ఖాళీ తరాజు ఎట్లా చూడాలో, అది.

వెంకట్రాజం మనసులోనే సమ్మక్కను తలుచుకున్నాడు. ఈ తల్లికీ ఆ తల్లికీ కోరికలు తీర్చినందుకు ఎన్నోసార్లు మొక్కాడు. తన మాట ఒకటి నెరవేరనియ్యనందుకు మొక్కడం ఇదే మొదలు. ఒక తల్లి చేతిలో వంకాయలు, ఒక పొట్లం కాగితం. ఇంత చిన్నదానితో తన అంత పెద్ద మాటను ఆపేసింది. అంటే మాటకు బలం ఉన్నట్టా, లేనట్టా? అయ్యగారు చెప్పలేనిది అక్షరం రాని యాకమ్మ చేసి చూపింది.

"ఇప్పుడు వచ్చిన పని చెప్తా" అంది మొగిలమ్మ. గొంతులో నవ్వు పోయింది. "నాయినకు కడుపుల గడ్డ. పెద్ద దవాఖానల పండవెట్టినం. రేపు పొద్దుగాల ఆపరేషన్ చేస్తరట. కాయితం మీద ఏలిముద్ర ఎయ్యుమంటే ఎయ్యడు. ఎయ్యకుంటే డాక్టర్లు ముట్టరు."

"ఎందుకు ఎయ్యడు?"

"మొక్కు తక్కువ వడ్డదట. నేను గా దినం అడిగిన మాట ఆయన పదేండ్ల నుంచి మోస్తాండు సేటు. మా ముందర మిమ్ములనే మంచిగ జెప్పిండు, నన్నే తిట్టిండు. గని లోపట్ల మాత్రం ముడుపంత బంగారం తల్లికి బాకీ ఉన్ననని పెట్టుకున్నడు. గిప్పుడు గడ్డ లేవంగనే గిది గందుకే అంటాండు. నేను గట్ల నమ్మ. తల్లి బిడ్డల దగ్గర తూకం పట్టుకొని కూసుంటదా? గని పండుకున్నది నేను గాదు, ఆయన."

ఇవాళ సాయంత్రం బస్సుకు వాళ్ల ఊరి మల్లక్క మేడారం పోతున్నది. తక్కువ పడిన బంగారం ఎంతో తెలిస్తే, ఈ దుకాణం నుంచే తీసుకుపోయి, తండ్రికి చూపించి, మల్లక్క చేతికి ఇవ్వాలి. అప్పుడు వేలిముద్ర వేస్తాడు. అందుకని వచ్చింది.

"గంతే గద. ఒక ముద్ద తీస్కపో అక్కా" అంది వరలక్ష్మి.

"ఎంత ముద్ద? నాయిన అడుగుతడు. అందాజ మీద తెచ్చిన అంటే నమ్మడు. నేను అబద్ధం జెప్తే నా మొకంలనే కనవడతది. ముడుపు బరువెంతనో ఖాయంగ చెప్పాలె."

"కిందవడ్డదాన్ని ఎవలు తూచిన్రు? చిన్నాయిన గుడికి తీస్కపోయి ఇచ్చిండు."

మొగిలమ్మ వెంకట్రాజాన్నే చూస్తున్నది. "సేటుకు ఎరుకుంటది. తూచేటోళ్లు చేతికొచ్చిన దాన్ని తూచకుంట ఉంటరా?"

వెంకట్రాజానికి ఎరుకే. అంకెతో సహా ఎరుకే. అది చెబితే మిగతాదంతా చెప్పాలి. దారం తెగి పడిందన్న మూటను అందరి ముందర, అన్న చూస్తుండగా, కళ్లకద్దుకుని గుడికి తీసుకుపోయాడు. దాన్ని ఎప్పుడు తూచావని ఇవాళ వరలక్ష్మి అడుగుతుంది. పరదా వెనక చాట ఇంకా ఆగే ఉంది.

ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది. 'నీ ఇష్టం, నీకు తోచినంత తీసుకుపో.' పెదవి కదిపేంతలో అతనికే వినబడింది, ఇది ఆ మాటే. వరలక్ష్మితో అన్న మాటే. తొందరపడి అన్న ఒక మాటకు భయపడి పదేండ్లు నోరు కట్టుకున్నాననీ, అది వినయమనీ అనుకున్నాడు. ఆ పదేండ్లలో ఒక పిల్ల తనకు రాని లెక్కలతో కొట్టుకుంది, ఒక ఆడమనిషి గడప లోపలే ఉండిపోయింది, దవాఖానలో ఒక మనిషి తనది కాని బాకీ మోస్తున్నాడు. చెప్పకపోవడం కూడా చెప్పడమే అయితే, తాను ఎంతమందికి ఎన్నెన్ని చెప్పినట్టు?

మొగిలమ్మ చూపు గల్లాపెట్టె మీది కాగితం మీద పడింది. చదివింది. "ఇంత మంచి దస్తూరి ఎవలది? నీదేనా సెల్లె? సంతకం పెట్టుండ్రి సేటు. లేకుంటే ఈ పిల్ల గూడ పదేండ్లకు తిరిగొచ్చి అడుగుతది. నాకు దూరం గాబట్టి ఇన్ని దినాలు పట్టింది. ఈమెది ఇంట్లనే."

వరలక్ష్మి ఈసారి నవ్వలేదు. "చెప్పు చిన్నాయినా" అంది మెల్లగా. ఏ మాట చెప్పమంటున్నదో, దరఖాస్తు మాటో, ముడుపు మాటో, ఆమెకే తెలియదు.

వెంకట్రాజం లేచి నిలబడ్డాడు.

"కిలోంబావు" అన్నాడు. "ముడుపు బరువు కిలోంబావు. నేను తూచిన. తూచే గుడికి తీస్కపోయిన."

"ఎప్పుడు తూచినవ్?" వరలక్ష్మి అడిగింది.

"ఇప్పినంక." తరాజు కొక్కెం వైపు చూసి చెప్పాడు. "దారం తెగలె బిడ్డా. నేనే ఇప్పిన. మీ అమ్మ తరాజు తుడిచి లోపలికి పోయినంక. ముడి రాయి లెక్క ఉండె, పండ్లతోటి ఇప్పిన. ఈమె అడిగిన మాటకు నాకు వారం దినాలు నిద్రపట్టలె. ఇప్పి, తూచి, కిందవడేసి, తెగిందని మీ నాయినను పిలిచిన. మా నాయిన కట్టిన ముడుపు తప్పుగ కట్టిండని అన్న ముందర చెప్పే ధైర్యం లేకుండె. గా ఎనుక అన్న పోయిండు. ఇప్పిన పాపానికే పోయిండేమోనని నాకు భయం. గా భయంల, ఎవలు ఏమనుకుంటాండ్లో చూసి గూడ ఊకున్న."

పరదా కదిలింది.

సరస్వతి గడప మీద నిలబడి ఉంది. కొంగుకు తవుడు అంటి ఉంది. కేకలేస్తుందని, కూలబడుతుందని వెంకట్రాజం చెయ్యి ముందుకు చాపబోయాడు. ఆమె రెండూ చెయ్యలేదు. చెయ్యిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నది. పదేండ్లుగా తిట్టుకున్న చెయ్యి.

"నువ్వే ఇప్పినవా వెంకట్రాజం?"

"నేనే వదినా."

"నేనేడ్సుకుంట కూసున్నప్పుడు నీకు ఎరుకే."

"ఎరుకే."

దుకాణంలోకి ఒక బేరగాడు వచ్చి, ముఖాలు చూసి, మళ్లొస్తానని వెళ్లిపోయాడు. సరస్వతి గడప వైపు ఒకసారి చూసి కాలు ఇవతల పెట్టింది. రెండో కాలూ పెట్టింది. నడిచి వచ్చి బెల్లం బస్తాల పక్కన ఉన్న బల్ల మీద కూర్చుంది.

"నా ముచ్చట నీతోటి తర్వాత ఉన్నది" అంది. "ముందుగాల గా పిల్ల బాకీ తీర్చు. బస్సు పోతది."

వెంకట్రాజం కాగితం దగ్గరికి లాక్కుని సంతకం చేశాడు. ఆఖరి అక్షరం గడి దాటింది. కాగితాన్ని వరలక్ష్మి చేతిలో పెట్టి, ఆమె కళ్లలోకి చూసి చెప్పాడు: "పో బిడ్డా. సదువుకో, పిల్లలకు చెప్పు. ఇది నా మాట. ఇది తప్పయితే తప్పు నాది, నీది గాదు."

ఆమె కళ్లు తుడుచుకుని కవరు అంటించింది. అయినా వెంటనే పోస్టుకు పోలేదు. ఐదింటికి ఇంకా టైముందని తరాజు దగ్గరికి వచ్చి నిలబడింది. కిలో రాయి, రెండు వందల గ్రాములది, యాభైది తీసి ఒక్కొక్కటే పళ్లెంలో పెట్టింది.

అంతకు ముందే మొగిలమ్మ ఖాళీ తరాజును చూసుకుంది. ముల్లు నిట్టనిలువుగా ఉంది.

వెంకట్రాజం కొత్తగా వచ్చిన బుట్ట విప్పి, లేతరంగు ముద్ద ఒకటి ఏరి పెట్టాడు. తక్కువైంది. ఇంకో పలుకు కొట్టి వేశాడు. పళ్లెం బెల్లం వైపు మొగ్గింది. పండుగ పూట బేరగాళ్లకు ఎప్పుడూ అట్లా మొగ్గు పెట్టి ఇస్తాడు. అది చాలనట్టు మరో పలుకు అందుకోబోయాడు.

"వద్దు సేటు" అంది మొగిలమ్మ. "సమానం గావాలె. ఎక్కువ వెడితే గది మీ మొక్కయితది, మా నాయినది గాదు."

అతను ఆ పలుకు పక్కన పెట్టాడు. మొగ్గిన పళ్లెంలోంచి గోటితో కాస్త గిల్లాడు. మరి కాస్త గిల్లాడు. ముల్లు అటూ ఇటూ ఊగి, ఊగి, నిలబడింది.

ఆమె చీర చెంగు ముడి విప్పబోతే వెంకట్రాజం చేతులు జోడించాడు. దీని పైకం ఆనాడే పూర్తిగా ఇచ్చారమ్మా, సరుకే ఇయ్యలేదు అన్నాడు. ఆమె నిజమే అన్నట్టు ముడి మళ్లీ బిగించుకుంది.

బంగారం ఇల్లు దాటేముందు పసుపు కుంకుమలు పెట్టి పంపడం ఆనవాయితీ. కళావతి ఇంట్లో లేదు. వరలక్ష్మి కుంకుమ భరిణె తెచ్చి నిలబడింది. మొగిలమ్మ భరిణెను ఆమె చేతిలోంచి తీసుకుని, బల్ల దగ్గరికి నడిచి, సరస్వతి ముందర పట్టింది.

"మీరు పెట్టుండ్రి అమ్మా."

"నేనా? నేను పెట్టొద్దు బిడ్డా."

"ఎందుకు? ఆ సమ్మక్క తల్లి గూడ లడాయిల మొగడు పోయిన తల్లే."

సరస్వతి లేచి వచ్చి, ఇంతసేపు తిప్పి తిప్పి చూసుకున్న ఆ చేతితోనే బెల్లం ముద్దకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. మొగిలమ్మ దాన్ని కొత్త తువ్వాలలో కట్టుకుని, వెంకట్రాజానికి దండం పెట్టి, మెట్లు దిగింది. తిట్టు మాత్రం తిట్టకుండానే పోయింది. ఆమె వెనకే కవరు పట్టుకుని వరలక్ష్మి పోస్టు డబ్బా వైపు నడిచింది.

ఉప్పలయ్య మొక్కు పదేండ్లకు సరితూగింది. వెంకట్రాజం రాళ్లు తీసి పక్కన పెట్టాడు. వెనక్కి తిరిగేసరికి, సరస్వతి బల్ల మీద మళ్లీ కూర్చుని, తన పక్కన ఉన్న చోటును చేత్తో తుడిచి, అతని కోసం చూస్తున్నది.